హంగుల్ కోసం కశ్మీర్ ప్రయాణం: మూడేళ్ళ ముందునుంచే సన్నాహం ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: బురుజు వీధి అయ్యవారు, కర్నూలు

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నా వయసు 51. మా తాతగారు 1960లలో ఆత్మకూరు వైపు అడవిలోకి వచ్చే వేటగాళ్ళకు దారి చూపించడానికి వెళ్ళేవారు. కణుజు (సాంబర్ దుప్పి) ఏ వేళకు నీళ్ళకు దిగుతుంది, గాలి ఎటు వీస్తే మనిషి ఎటు కూర్చోవాలి, ఎండుటాకుల మీద అడుగు ఎలా వేయాలి అన్న సంగతులు ఆయన నోట విని పెరిగినవాణ్ణి నేను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ పని నిలిచిపోయింది. నిలిచిపోవడమే మంచిదయిందని చివరి రోజుల్లో తాతగారే అనేవారు. ఆయన దగ్గరినుంచి నాకు దక్కిన ఆ ఓపికతోనే నేను కెమెరా పట్టుకున్నాను. పదేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా రోళ్ళపాడుకు వెళ్ళి కృష్ణజింకలను ఫొటోలు తీస్తున్నాను. మన రాష్ట్రం దాటి అడవి జంతువు కోసం ఇంతవరకు ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఒక్క ప్రయాణం చేయాలని మనసు పడుతున్నాను. శ్రీనగర్ పక్కన ఉన్న దాచిగాం జాతీయ ఉద్యానవనంలో హంగుల్ అనే పెద్ద దుప్పి ఉంది. యూరప్‌లోని ఎర్రదుప్పికి, అమెరికాలోని ఎల్క్‌కు అది దగ్గరి చుట్టం. ఆ ఎర్రదుప్పుల వర్గం నుంచి మన దేశంలో మిగిలింది అదొక్కటే. గత శతాబ్దం మొదట్లో వేలల్లో ఉన్న ఈ జంతువులు 2004 లెక్కల్లో 197కు పడిపోయాయి. 2023 లెక్కల్లో 289 కనిపించాయి. పిల్లలకు పాఠంలో ఈ సంఖ్యలు చెప్పిన ప్రతిసారీ, నేను చూడని జంతువు గురించి చెబుతున్నానన్న వెలితి ఉంటుంది.

అమెరికాలో ఒక రాష్ట్రంవారు మరో రాష్ట్రానికి ఎల్క్ వేటకు వెళ్ళాలంటే నాలుగైదేళ్ళ ముందునుంచే ఏర్పాట్లు చేసుకుంటారని చదివాను. వారి చేతిలో తుపాకీ, నా చేతిలో కెమెరా అన్న తేడా తప్పిస్తే, తెలియని కొండల్లో, కొద్ది రోజుల వ్యవధిలో, ఒక ప్రత్యేకమైన జంతువును వెతకడం అన్నది ఇద్దరికీ ఒకటే కనుక నేనూ అదే పద్ధతిలో 2028 దసరా సెలవులను గురిగా పెట్టుకున్నాను. అప్పటికి మా అమ్మాయి చదువు పూర్తవుతుంది, మంచి టెలిఫొటో లెన్స్‌కు డబ్బు కూడుతుంది, నా మోకాళ్ళనూ కొంత దారికి తెచ్చుకోవచ్చు.

నా అనుమానాలు ఇవి. దసరా సెలవులు హంగుల్‌ను చూడటానికి తగిన కాలమేనా? ఎత్తు ప్రదేశంలో ఊపిరి ఇబ్బంది వస్తుందా? ఈ మూడేళ్ళూ ఇక్కడే ఉండి నేను నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, అన్నీ సమకూరేదాకా ఆగి ఒకేసారి గట్టిగా వెళ్ళడం మేలా, లేక ఉన్నదానితో ముందే వెళ్ళడం మేలా? వెళ్ళివచ్చినవారు, అడవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం: నల్లమల బాట, ఆత్మకూరు

అయ్యవారికి నమస్కారం. నేను కశ్మీర్ చూడలేదు కనుక అక్కడి సంగతులు వెళ్ళినవారికే వదిలేస్తాను. మీరు మూడో అనుమానంగా అడిగిన దానికి మాత్రం చెప్పగలను, ఎందుకంటే నా ఇరవై ఏళ్ళు ఈ నల్లమలలోనే గడిచాయి.

రోళ్ళపాడులో మీరు నేర్చుకున్నది మంచి విద్యే కాని అది గడ్డి మైదానపు విద్య. అక్కడ జంతువు మీకు అర కిలోమీటరు దూరం నుంచే కనిపిస్తుంది, మీరూ దానికి కనిపిస్తారు. కృష్ణజింక కంటి చూపును నమ్ముకుని బతుకుతుంది. అడవిలో ఉండే దుప్పి జాతులు మొదట ముక్కును, తరువాత చెవిని నమ్ముకుంటాయి. హంగుల్ కూడా చెట్ల మధ్య తిరిగేదే కనుక మీరు కృష్ణజింకను కొంతకాలం పక్కన పెట్టి కణుజును చదవాలని నా అభిప్రాయం. కృష్ణజింకకు ఉన్నవి బతికినంతకాలం రాలని కొమ్ములని, కణుజు కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయని మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ తేడా అడవిలో కనిపించే తీరు పుస్తకంలో ఉండదు. కొత్త కొమ్ము మీద మెత్తటి తోలు ఎండి ఊడే రోజుల్లో మగ కణుజు చిన్న చెట్ల మొదళ్ళకు కొమ్ములు రాస్తుంది. ఆ రాపిడికి బెరడు మనిషి నడుము ఎత్తున లేచిపోయి ఉంటుంది. జత కట్టే కాలం వస్తే బురదగుంటల్లో పొర్లుతుంది, ఆ బురద పక్కనున్న చెట్లకు అంటుతుంది. అంటిన బురద తడిగా ఉందా, పొడిగా రాలుతోందా అన్నదాన్ని బట్టి జంతువు ఈ పూట వెళ్ళిందా, నిన్న వెళ్ళిందా అన్నది తెలుస్తుంది. ఈ కుటుంబంలోని దుప్పులు చాలావరకు ఇదే పని చేస్తాయి కనుక ఇక్కడ ఈ గుర్తులు చదవడం వచ్చినవాడికి అక్కడ నేల పూర్తిగా కొత్తగా ఉండదు.

బైర్లూటి, పచ్చర్ల దగ్గర అటవీశాఖవారి బస ఏర్పాట్లు ఉన్నాయి. ఇది పులుల అభయారణ్యం కనుక అనుమతి లేకుండా కాలినడకన లోపలికి వెళ్ళరాదు, వెళ్ళే ఆలోచన కూడా వద్దు. శాఖవారి వాహనంలో, వారు చూపే చోటులకే వెళ్ళండి. వీలయితే చెంచు కాపలాదారు తోడున్న రోజు చూసుకోండి. నాకు తెలిసిన కొద్దిపాటి విద్య వారి పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఒకసారి నేను బైనాక్యులర్స్‌తో పావుగంట వెతికి ఏమీ లేదనుకున్న వాగు ఒడ్డున, వారిలో ఒక పెద్దాయన ఊరకే చూసి, రెండు ఆడ కణుజులు, ఒక పిల్ల పడుకుని ఉన్నాయని చెప్పారు. ఆయన జంతువు ఆకారం కోసం వెతకలేదు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా సాగిన ఒక గీతను, అంటే వీపును, పట్టుకున్నారు. ఆనాటినుంచి నేనూ అడవిలో అడ్డగీత కోసమే చూస్తున్నాను.

రెండో మాట కెమెరా గురించి. మీరు మైదానంలో ఎండ వెలుగుకు అలవాటు పడ్డారు. చెట్ల నీడలో తెల్లవారుజామున మీ పాత లెన్స్‌తోనే చేయి కదలకుండా ఫొటో తీయడం ముందు సాధన చేయండి. అది రానిదే ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతగా ఆదుకోదు.


సమాధానం: చిత్రావతి, అనంతపురం

అయ్యవారూ, మీ ప్రశ్న చదవగానే సమాధానం రాయకుండా ఉండలేకపోయాను. మా వారూ నేనూ దాచిగాంకు రెండుసార్లు వెళ్ళివచ్చాం. మొదటిసారి వెళ్ళిన కాలం తప్పు, రెండోసారి వెళ్ళిన కాలం సరైనది. రెంటి మధ్య తేడాను కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిసారి పిల్లల వేసవి సెలవులని జూన్‌లో వెళ్ళాం. దాచిగాం 141 చదరపు కిలోమీటర్ల కొండలోయ. కింది భాగం సుమారు 1,600 మీటర్ల ఎత్తులో మొదలై పైన 4,000 మీటర్లు దాటుతుంది. మంచు కరిగేకొద్దీ హంగుల్‌లు, అందులోనూ మగవి, పై పచ్చికల వైపు ఎక్కిపోతాయి. మామూలు అనుమతితో మనబోటివాళ్ళం తిరిగేది కింది లోయలో. కనుక జూన్‌లో మాకు మల్బరీ పళ్ళకు వచ్చిన నల్ల ఎలుగుబంటి, బూడిదరంగు కొండముచ్చులు కనిపించాయి కాని ఒక్క హంగుల్ కూడా కనిపించలేదు. ఆడవి పిల్లలను ఈని పొదల్లో దాచుకునే రోజులు కూడా అవే. అప్పుడు మగవాటి కొమ్ములు ఇంకా మెత్తటి తోలు కప్పుకుని ఎదుగుతూ ఉంటాయి. ఒకవేళ కనిపించినా మీరు మనసులో పెట్టుకున్న ఆ రూపం కనిపించదు.

రెండోసారి అక్టోబరు రెండో వారంలో వెళ్ళాం. సెప్టెంబరు చివర మొదలుకొని అక్టోబరంతా వాటి జత కట్టే కాలం. మగవి పైనుంచి కింది లోయకు దిగి ఆడవాటి గుంపుల చుట్టూ తిరుగుతూ తెల్లవారకముందు, చీకటి పడే వేళ అరుస్తాయి. రెండో రోజు తెల్లవారుజామున, ఇంకా మనిషి ముఖం ఆనవాలు తెలియని వేళ, మేము డగ్వాన్ వాగు పక్క బాటలో నిలుచుని ఉండగా ఎదుటి వాలులోంచి ఆ అరుపు వినిపించింది. గొంతు లోతులోంచి లేచి, చివర తెగిపోయినట్టు ఆగిపోయే అరుపు అది. పది నిమిషాల తరువాత మరో వాలునుంచి ఇంకొకటి బదులిచ్చింది. జంతువు కంటపడటానికి మరో గంట పట్టింది. కనిపించింది కూడా నాలుగైదు నిమిషాలే, రెండు వందల మీటర్ల దూరంలో, ఎర్రబారిన ఆకుల మధ్య. మా వారు తీసిన ఫొటోలలో ఒక్కటే స్పష్టంగా వచ్చింది. అయినా మూడు రోజులలో మేము నేర్చుకున్నది ఏమిటంటే, ఈ కాలంలో చెవి ముందు పని చేయాలి, కన్ను తరువాత.

ఇక మీ దసరా సంగతి. ఇది మీరు పంచాంగం తీసి చూడవలసిన విషయం. దసరా ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగి, అధికమాసం వచ్చిన ఏడు మళ్ళీ వెనక్కు వెళుతుంది. హంగుల్ మాత్రం తిథులను చూసుకోదు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కనుక విజయదశమి అక్టోబరు 20న వస్తుంది. 2027లో అక్టోబరు 9 దగ్గర వస్తుంది. మీరు గురిపెట్టుకున్న 2028లో సెప్టెంబరు 27 దగ్గరే వచ్చేస్తుంది. మన బడి సెలవులు పండుగకు ముందు పది రోజులే కనుక, ఆ ఏడు మీ సెలవులన్నీ సెప్టెంబరు మూడో వారంలో మొదలై, లోయలో అరుపులు ఊపందుకోకముందే ముగిసిపోతాయి. 2029లో మళ్ళీ అధికమాసం వచ్చి విజయదశమి అక్టోబరు నడిమికి చేరుతుంది. అంటే మీకు సెలవులూ, జంతువు కాలమూ కలిసే ఏళ్ళు 2026, కొంతవరకు 2027, ఆ తరువాత 2029. 2028 మాత్రం కాదు. మూడేళ్ళు కష్టపడి సన్నాహం చేసుకుని సరిగ్గా తప్పు ఏడాదిలో వెళితే నాకే బాధగా ఉంటుంది.

ఎత్తు గురించి దిగులు వద్దు. కొండజబ్బు సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. శ్రీనగర్ 1,585 మీటర్లే, కింది లోయ అంతకంటే కొద్దిగా పైన ఉంటుంది. మన ఎండలకు అలవాటుపడిన ఒంటికి అసలు ఇబ్బంది చలి. అక్టోబరు తెల్లవారుజామున ఐదారు డిగ్రీల చలిలో గంటసేపు కదలకుండా నిలుచోవడం నడకకంటే కష్టం. చేతి తొడుగులతోనే కెమెరా బటన్లు నొక్కడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. మోకాళ్ళకు దిగుడు దారి ఎక్కుడుకంటే బరువు కనుక చేతికర్ర ఒకటి తీసుకువెళ్ళండి.

అనుమతి శ్రీనగర్‌లోని వన్యప్రాణి విభాగం కార్యాలయంనుంచి తీసుకోవాలి. 2019 అక్టోబరు 31 తరువాత అక్కడా మన 1972 చట్టమే అమలులో ఉంది, హంగుల్ ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జంతువు. శాఖ ఉద్యోగి తోడు లేకుండా బాట దిగకూడదు. నియమాలు మారుతూ ఉంటాయి కనుక వెళ్ళే ఏడు ముందుగా ఉత్తరం రాసి అడగండి, చేరిన మొదటి రోజును పూర్తిగా ఈ పనికే కేటాయించండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది.

దారి మీకు తెలిసినదే. గుంతకల్లులో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు గడిచేసరికి ఢిల్లీ చేరుతుంది. 2025 జూన్‌నుంచి కట్రా-శ్రీనగర్ మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది కనుక విమానం లేకుండా కూడా వెళ్ళవచ్చు. అయితే 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన దాడి తరువాత లోయలో చాలా పర్యాటక స్థలాలను కొంతకాలం మూసివేశారన్నది గుర్తుంచుకుని, రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే టికెట్లే కొనండి. ప్రయాణానికి వారం ముందు పరిస్థితి చూసుకోండి. ఇంట్లోవారిని ఒప్పించడానికి కూడా అది అవసరం.


సమాధానం: పెన్నేటి వాసి, కడప (ప్రస్తుతం డల్లాస్)

అయ్యవారికి నమస్కారాలు. మాది ప్రొద్దుటూరు దగ్గరి పల్లె. పన్నెండేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. మీరు ప్రస్తావించిన ఎల్క్ వేటకు నేను నాలుగేళ్ళు ఎదురుచూసి 2023లో కొలరాడో వెళ్ళాను. ఇక్కడ అది చట్టబద్ధం, దానికి పకడ్బందీ నియమాలు ఉన్నాయి. మీ చివరి ప్రశ్నకు, అంటే ఆగడమా, వెళ్ళడమా అన్నదానికి, నా అనుభవం ఉపయోగపడుతుందేమో చూడండి.

కొలరాడోలో ఎల్క్ చాలా ఎక్కువ. అక్కడి వన్యప్రాణి శాఖ రాష్ట్రాన్ని చిన్న చిన్న ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతంలో ఒక్కో కాలానికి ఎన్ని జంతువులను వేటాడవచ్చో ముందే నిర్ణయిస్తుంది. ఏటా ఏప్రిల్ మొదట్లోగా దరఖాస్తు చేయాలి. లాటరీలో రాకపోతే మన ఖాతాలో ఒక పాయింటు చేరుతుంది. ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి మంచి ప్రాంతాలు ముందు దక్కుతాయి. అందుకే జనం ఏళ్ళకు ఏళ్ళు పాయింట్లు కూడబెడతారు. చిక్కు ఎక్కడంటే, అందరూ కూడబెడుతున్నందువల్ల పేరున్న ప్రాంతానికి కావలసిన పాయింట్లు కూడా ఏటా పెరుగుతూ పోతాయి. ఇప్పుడు పది ఉంటే చాలుననుకున్నచోటికి, మీకు పది వచ్చేసరికి పదిహేను కావలసి వస్తుంది. ఆ గొప్ప ప్రాంతం కోసం ఆగి ఆగి, మోకాళ్ళు అరిగిపోయాక కొండ ఎక్కలేక దిగిపోయినవారిని నేను చూశాను. పక్కనున్న న్యూ మెక్సికోలో పాయింట్ల పద్ధతే లేదు, ప్రతి ఏడూ లాటరీయే, అందులో గైడ్ లేకుండా వచ్చే బయటి రాష్ట్రాలవారికి మిగిలేది నూటికి ఆరు వంతులే. కనుక అనుభవజ్ఞులు కొత్తవారికి చెప్పేది ఒకటే: మొదటి వేటకు గొప్ప ప్రాంతం అడగవద్దు, సులువుగా దొరికే మామూలు ప్రాంతానికి వెళ్ళి పని నేర్చుకో, గొప్పది రెండోసారికి ఉంచుకో.

నేను ఆ మాట పూర్తిగా వినలేదు. నాలుగేళ్ళు పాయింట్లు దాచి, అక్టోబరు నడుమ వచ్చే, రైఫిల్‌తో వేటాడే మొదటి విడత కాలానికి అనుమతి సంపాదించాను. ఆ కాలం ఐదు రోజులే. బయటి రాష్ట్రంవారికి అనుమతి ఖరీదు ఎనిమిది వందల డాలర్లు దాటుతుంది. ఉపగ్రహ పటాలు చూసి ప్రతి వాగూ, ప్రతి పచ్చికా గుర్తుపెట్టుకున్నాను. ఆరు నెలలు వీపున బరువు వేసుకుని మెట్లు ఎక్కాను. ఇన్ని చేసి చివరికి చేసిన పొరపాటు ఏమిటంటే, సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేని డల్లాస్‌నుంచి ఒక్క రోజులో కారు నడుపుకుంటూ వెళ్ళి మూడు వేల మీటర్ల ఎత్తున గుడారం వేశాను. ఆ రాత్రి తలనొప్పి, వాంతులు మొదలై తొలి రోజు మొత్తం పడుకునే ఉన్నాను. నాలుగేళ్ళ ఎదురుచూపులో ఐదో వంతు అలా పోయింది. మీకు కింది లోయలో ఈ బెడద లేదని చిత్రావతి గారు చెప్పారు, సంతోషం. అయినా చేరిన రోజే అడవికి పరుగెత్తకండి.

రెండో పాఠం గాలి. మన కడప కొండల్లో మేకలు కాసినవారికి కూడా తెలిసిన సంగతే, నేనే మరిచాను. కొండ వాలులో రాత్రంతా చల్లబడిన గాలి తెల్లవారుజామున కిందికి జారుతుంది. ఎండ వాలుకు తగిలిన అరగంట, గంటలో అది తిరగబడి పైకి ఎక్కుతుంది. సాయంత్రం మళ్ళీ కిందికి. మూడో రోజు ఉదయం ఒక మగ ఎల్క్ ఈలవేసినట్టు అరవడం విని, దాని కింది వైపునుంచి నెమ్మదిగా ఎక్కుతూ వెళ్ళాను. అంతవరకు గాలి నా ముఖానికే కొడుతోంది. ఎండ వచ్చింది. మెడ వెనుక చల్లగా తగిలిన క్షణంలోనే పైన కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించింది, అంతే, మళ్ళీ దాని జాడ లేదు. నేను ఆ ఏడు తుపాకీ పేల్చకుండానే తిరిగివచ్చాను. మీ తాతగారు చెప్పిన గాలి మాట మీకు ఇంకా గుర్తుంది కనుక చెబుతున్నాను: దాచిగాంలో మీ వెంట వచ్చే శాఖ ఉద్యోగిని ఏ వాలులో ఎప్పుడు ఎండ పడుతుందో ముందురోజే అడగండి. ఎండ పడకముందు జంతువు కంటే కిందుగా, పడ్డాక దాని కంటే పైగా ఉండేలా మీ నిలకడ చోటు ఎంచుకోండి. ఒక చిన్న డబ్బాలో విబూది దగ్గరుంచుకుని చిటికెడు వదిలి చూస్తే గాలి వాటం తెలిసిపోతుంది.

ఆ ఐదు రోజులలో నేను ఆ కొండను గురించి నేర్చుకున్నది నాలుగేళ్ళ పటాలలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ. మామూలు ప్రాంతానికి రెండేళ్ళ ముందే వెళ్ళి ఉంటే, ఎత్తు, గాలి, చలి అన్న మూడు పాఠాలూ అక్కడే అయిపోయి, దాచుకున్న అనుమతి వృథా కాకుండా ఉండేది. మీ విషయంలో 2027 ఆ మామూలు ప్రయాణం, 2029 అసలు ప్రయాణం అని నా సలహా. మొదటిదానికి కొత్త లెన్స్ కూడా కొనవద్దు.


సమాధానం: బురుజు వీధి అయ్యవారు, కర్నూలు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చిత్రావతి గారు రాసింది చదివి వెంటనే పంచాంగం, పాత సెలవుల జాబితాలు ముందు వేసుకుని లెక్క చూశాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్ళుగా దసరా సెలవులు ఎప్పుడొస్తాయో నోటికి చెప్పే నాకు, ఆ సెలవు ఒక జంతువు కాలంతో కలుస్తుందా లేదా అన్న ఆలోచన రాలేదు.

కనుక 2028 మాట విరమించుకున్నాను. 2026 దసరాకు బైర్లూటిలో నాలుగు రోజులు ఉండి, నల్లమల బాట గారు చెప్పినట్టు కణుజు గుర్తులు, చెట్ల నీడలో ఫొటోలు సాధన చేస్తాను. 2027 అక్టోబరు మొదటి వారంలో, ఉన్న కెమెరాతోనే, మా ఆవిడతో కలిసి మొదటిసారి దాచిగాం వెళతాను. అప్పుడు ఫొటో దక్కకపోయినా అరుపు వినిపిస్తే చాలు. లెన్స్‌కు పెట్టదలచిన డబ్బు 2029 దాకా బ్యాంకులోనే ఉంటుంది. పెన్నేటి వాసి గారు చెప్పిన గాలి సంగతి చదువుతుంటే మా తాతగారు చిటికెడు బూడిద వేళ్ళ మధ్యనుంచి జారవిడవడం కళ్ళముందు కదిలింది. ఆయన ఎందుకు అలా చేసేవారో అప్పుడు నేను అడగలేదు.

ఇంకొక్క అనుమానం మిగిలింది. 2027లో సెలవులు అక్టోబరు పదో తేదీ దగ్గర ముగిసిపోతే, చివరన రెండు మూడు రోజులు సొంత సెలవు కలుపుకోవడం మేలా, లేక మొదట్లోనే వెళ్ళి రావడం మేలా?


సమాధానం: చిత్రావతి, అనంతపురం

చివరన కలుపుకోండి, అయ్యవారూ. ఆ పది రోజులలో ఎంత ఆలస్యంగా వెళితే అంత మేలు, ఒక్క రోజు కూడా లెక్కలోకి వస్తుంది. అడవిలో కనీసం మూడు తెల్లవారుజాములు ఉండేలా చూసుకోండి, ఒకటి వానకు పోయినా రెండు మిగులుతాయి. అనుమతి కోసం ఉత్తరం 2027 జులైలో రాయండి. మీ ఆవిడకు ఉన్ని సాక్సులు మన దగ్గర కొనవద్దు, శ్రీనగర్‌లో దిగిన రోజు అక్కడి బజారులోనే కొనండి, మనవాటికంటే చలిని బాగా ఆపుతాయి.